రెండు ఎఫ్‌ఐఆర్‌లు, ఒక పీడీ ఉత్తర్వు: 2022 ఏప్రిల్ 4 తీర్పుపై కేస్ స్టడీ

తెలంగాణలో పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కేసు చేపట్టే ప్రతి న్యాయవాదీ ముందు ఈ ఫైలును చదవాలి. నిర్బంధంలో ఉన్నవారి కుటుంబాన్ని గౌరవించి పేర్లు వదిలేస్తున్నాం. తీర్పు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో తేదీతో దొరుకుతుంది. ధర్మాసనంలో జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సూర్యకాంత్ ఉన్నారు.

ఫైలులో ఉన్నది

ఉద్యోగాలు ఇప్పిస్తామని చెప్పి దాదాపు 450 మంది దగ్గర రూ. 85 లక్షలు వసూలు చేశారన్నది ఆరోపణ. లెక్క కడితే మనిషికి 19 వేల రూపాయలకు కాస్త తక్కువ. పెద్ద ఆర్థిక నేరాల పక్కన పెడితే ఇది చిన్న మొత్తమే. కానీ ఇచ్చినవాళ్లు నిరుద్యోగులు. ఆ డబ్బు ఎక్కడో అప్పు చేసి తెచ్చిందే అయి ఉంటుంది. పోలీసుల మీద ఒత్తిడి ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

2020 అక్టోబర్‌లో ఒక ఎఫ్‌ఐఆర్, డిసెంబర్‌లో రెండోది నమోదయ్యాయి. రెండింటిలోనూ 2021 జనవరిలో బెయిల్ వచ్చింది. మే 19న పోలీసు కమిషనర్ 1986 చట్టం కింద నిర్బంధ ఉత్తర్వు ఇచ్చారు. నిర్బంధం అక్రమమంటూ కుటుంబం వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌ను తెలంగాణ హైకోర్టు 2022 జనవరి 25న కొట్టేసింది. ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు ఉత్తర్వును రద్దు చేసింది.

ఉత్తర్వు తేదీ నుంచి రద్దు తేదీ వరకు పదిన్నర నెలలు. ఈ చట్టం కింద నిర్బంధానికి గరిష్ఠ గడువు 12 నెలలు. పీడీ కేసులో చివరకు గెలిచినా, గెలుపు వచ్చేసరికి నిర్బంధ కాలం చాలావరకు గడిచిపోతుంది. అందుకే ఈ కేస్ స్టడీలో తీర్పు ఎంత ముఖ్యమో క్యాలెండర్ కూడా అంతే ముఖ్యం.

చట్టం ఏమంటుంది

1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన 1వ నంబరు చట్టం ఇది. మొదట సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్తులు, గూండాలు, వ్యభిచార వ్యాపారం నడిపేవాళ్లు, భూకబ్జాదారులు, ఈ ఆరు వర్గాలే అందులో ఉన్నాయి. విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగింది. తెలంగాణ 2018లో సవరించి నకిలీ విత్తనాలు, కల్తీ ఆహారం, నకిలీ పత్రాలు, సైబర్ నేరాలు, లైంగిక నేరాలు, పేకాట వంటి జూదాలు, ‘వైట్ కాలర్ లేదా ఆర్థిక నేరస్తులు’ అంటూ జాబితాను బాగా పొడిగించింది. మన కేసులో వాడింది ఈ చివరి వర్గాన్నే.

జాబితా పొడవు చూసి చాలామంది పొరపాటు పడతారు. మనిషి ఆ జాబితాలోకి వస్తే చాలు, పీడీ పెట్టొచ్చనుకుంటారు. జాబితాలోకి రావడం సగమే. 3వ సెక్షన్ ప్రకారం అతని పనులు ‘పబ్లిక్ ఆర్డర్’కు భంగం కలిగించేవై ఉండాలి, దాన్ని ఆపడానికి నిర్బంధం అవసరమని అధికారికి సంతృప్తి కలగాలి. ఈ రెండో సగం దగ్గరే ఉత్తర్వులు కూలుతున్నాయి.

పబ్లిక్ ఆర్డర్: అసలు చిక్కు ఇక్కడే

మన పత్రికల్లో ‘లా అండ్ ఆర్డర్’ అన్నా, ‘పబ్లిక్ ఆర్డర్’ అన్నా శాంతిభద్రతలనే రాస్తారు. చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. నిర్బంధానికి కారణాలు చెబుతూ తెలుగులో ఇచ్చే గ్రౌండ్స్‌లో కూడా ఈ తేడా చెరిగిపోతుంది. ఇంగ్లిష్ ప్రతి, తెలుగు ప్రతి పక్కపక్కన పెట్టుకుని, ఏ మాటకు ఏ మాట వాడారో మొదటి రోజే గీత గీసి పెట్టుకోవాలి.

రామ్‌మనోహర్ లోహియా నిర్బంధం కేసులో జస్టిస్ హిదాయతుల్లా చెప్పిన మూడు వలయాల పోలిక ఇప్పటికీ పనికొస్తుంది. అన్నింటికంటే పెద్ద వలయం లా అండ్ ఆర్డర్. దాని లోపల పబ్లిక్ ఆర్డర్. అన్నింటికంటే లోపల రాజ్య భద్రత. బయటి వలయంలో జరిగే ప్రతి నేరమూ లోపలి వలయాన్ని తాకదు. ఇద్దరు కొట్టుకుంటే అది లా అండ్ ఆర్డర్ సమస్య. ఆ కొట్లాట వల్ల బస్తీ మొత్తం భయపడి తలుపులు వేసుకుని జనజీవనం స్తంభిస్తే అది పబ్లిక్ ఆర్డర్ వైపు వెళ్తుంది. 1970లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కేసులో కోర్టు దీన్ని మరింత సూటిగా చెప్పింది: నేరం ఎలాంటిదన్నది కాదు, సమాజం మీద దాని ప్రభావం ఎంత దూరం పాకిందన్నదే చూడాలి.

ప్రభుత్వ న్యాయవాదులు దీనికి జవాబుగా చట్టంలోని 2(ఎ) వివరణను చూపిస్తారు. ప్రజల్లో, లేదా ప్రజల్లోని ఏదైనా ఒక వర్గంలో, హాని గానీ ప్రమాదం గానీ ఆందోళన గానీ అభద్రతాభావం గానీ కలిగితే పబ్లిక్ ఆర్డర్‌కు భంగం కలిగినట్టే భావించాలని ఆ వివరణ చెబుతుంది. 450 మంది ఉద్యోగార్థులు ‘ఒక వర్గం’ కాదా అన్న ప్రశ్న వాదనలో తప్పక ఎదురవుతుంది. దానికి సిద్ధంగా ఉండాలి.

జవాబు 2021 ఆగస్టు 2 తీర్పులో ఉంది. షేర్ మార్కెట్‌లో పెట్టుబడి పేరుతో మోసం చేశాడంటూ ఒకరి మీద ఐదు ఎఫ్‌ఐఆర్‌లు ఉన్న తెలంగాణ కేసు అది. జస్టిస్ నారిమన్ రాసిన తీర్పు. బయటికొస్తే మళ్లీ అమాయకులను మోసం చేస్తాడన్న భయం ఉంటే అది బెయిల్ మీద అప్పీలుకు గానీ, బెయిల్ రద్దుకు గానీ మంచి కారణం కావచ్చు, ముందస్తు నిర్బంధానికి మాత్రం కాదని కోర్టు తేల్చింది. వివరణలోని మాటలను ఉత్తర్వులో తిరిగి రాసినంత మాత్రాన సరిపోదు. హాని, ఆందోళన నిజంగా ప్రజల్లోకి పాకినట్టు ఆధారాలు కనిపించాలి.

ఆచరణలో దీన్ని పరీక్షించడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. గ్రౌండ్స్ కాగితాల నుంచి ఎఫ్‌ఐఆర్‌ల సారాంశాన్ని తీసేసి చూడండి. మిగిలినదాంట్లో ఈ మనిషికి, ఈ ప్రాంతానికి, ఈ నేరానికి మాత్రమే చెందిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మన కేసులాంటి వాటిలో తరచుగా ఒక్కటీ మిగలదు. ‘ప్రజల్లో తీవ్ర భయాందోళనలు కలిగాయి’ అన్న వాక్యం మరో జిల్లా, మరో నేరం, మరో మనిషి ఉత్తర్వులోనూ అక్షరం మారకుండా కనిపిస్తుంది. అదే కమిషనరేట్ నుంచి వచ్చిన రెండు మూడు పాత ఉత్తర్వులను జతచేసి హైకోర్టు ముందు పెడితే, అధికారి బుర్ర పెట్టలేదన్న వాదనకు వేరే రుజువు అక్కర్లేదు.

తాజా లింకు తెగిపోవడం

2022 తీర్పులో పబ్లిక్ ఆర్డర్ తర్వాత రెండో కీలకాంశం కాలం, అంటే నేరానికీ నిర్బంధ ఉత్తర్వుకూ మధ్య ఉండాల్సిన తాజా లింకు. మొదటి ఎఫ్‌ఐఆర్‌కూ ఉత్తర్వుకూ మధ్య ఏడు నెలలు, రెండోదానికీ ఉత్తర్వుకూ మధ్య ఐదు నెలలు. ఈలోగా కొత్త నేరమేదీ లేదు. ముందస్తు నిర్బంధం జరిగిన నేరానికి శిక్ష కాదు, జరగబోయేదాన్ని ఆపే చర్య. ఆపాల్సినంత ముప్పు నిజంగా ఉంటే అధికారి ఐదు నెలలు ఊరుకోరు. పాత సరుకు మీద కట్టిన ఉత్తర్వు నిలబడదని కోర్టు చెప్పింది.

బెయిల్ కాగితాలు కూడా ఇక్కడే తేలాలి. బెయిల్ షరతులు ఏమిటి, వాటిని ఉల్లంఘించాడని పోలీసులు ఎక్కడైనా రాశారా, బెయిల్ రద్దు కోసం పిటిషన్ వేశారా? ఈ మూడింటికీ జవాబు ‘లేదు’ అయితే పిటిషన్‌లో దాన్ని తేదీలతో సహా ఒక పేరాగా రాయాలి. మామూలు చట్టం సరిపోయే చోట ముందస్తు నిర్బంధం చెల్లదని 2011లో తమిళనాడు కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. సరిపోతుందో లేదో ప్రయత్నించి చూడని ప్రభుత్వం, సరిపోదని ఎలా అంటుంది?

పాత కేసులను ‘పూర్వాపరాలు’ పేరుతో గ్రౌండ్స్‌లోకి ఎక్కించే అలవాటు ఒకటి ఉంది. వీటి మీద ఆధారపడటం లేదు, నేపథ్యం కోసం చెబుతున్నామంటారు. హైదరాబాద్ కమిషనర్ ఇచ్చిన ఒక ఉత్తర్వును 2023 సెప్టెంబర్ 4న సుప్రీంకోర్టు రద్దు చేసినప్పుడు ఈ ఎత్తు కూడా పరిశీలనకు వచ్చింది. అదే మనిషి మీద 2021లో ఇచ్చిన పాత ఉత్తర్వును హైకోర్టు అప్పటికే కొట్టేసింది. అందులోని కేసులే కొత్త ఉత్తర్వులో మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. గరిష్ఠ గడువైన 12 నెలలను ఆలోచన లేకుండా వాడే అలవాటును కూడా ఆ తీర్పు ప్రశ్నించింది. తెలంగాణలో కనిపిస్తున్న ఈ ధోరణి ఎంత త్వరగా ఆగితే అంత మంచిదని జస్టిస్ దీపాంకర్ దత్తా రాసిన మాటలు ఆ తీర్పులోవే.

క్యాలెండర్

జైలు గేటు దాటి లోపలికి వెళ్లిన రోజు నుంచి గడువులన్నీ ఒకేలా నడవవు. ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. ఒక్కో గడువుకు మొదటి రోజు వేరు.

ప్రభుత్వ ఆమోదానికి 12 రోజులు. ఇది ఉత్తర్వు చేసిన తేదీ నుంచి లెక్క, అమలు చేసిన తేదీ నుంచి కాదు. కమిషనర్ లేదా కలెక్టర్ ఉత్తర్వు ఇచ్చిన వెంటనే కాగితాలతో సహా ప్రభుత్వానికి నివేదించాలి. 12 రోజుల్లో ఆమోదం జీవో రాకపోతే ఉత్తర్వు అక్కడితో చచ్చిపోయినట్టే. జీవో తేదీ చూడటం మాత్రమే కాదు, అది ఎవరి పేరు మీద ఉందో, అందులో రాసిన ఉత్తర్వు నంబరు సరైనదో కాదో కూడా చూడాలి.

గ్రౌండ్స్ అందజేయడానికి ఐదు రోజులు. నిర్బంధం సబబో కాదో పరిశీలించే అడ్వైజరీ బోర్డుకు పంపడానికి మూడు వారాలు. బోర్డు నివేదికకు ఏడు వారాలు. మొత్తం నిర్బంధానికి 12 నెలలు. ఈ నాలుగూ నిర్బంధంలోకి తీసుకున్న తేదీ నుంచే మొదలవుతాయి. కాబట్టి చేతికి రావాల్సిన మొదటి కాగితం ఉత్తర్వు కాదు, జైలు సూపరింటెండెంట్ దగ్గర నిర్బంధితుడు గ్రౌండ్స్ అందుకున్నట్టు సంతకం చేసిన రసీదు. తేదీ అందులో ఉంటుంది.

కమిషనర్‌కు ఈ అధికారం ప్రభుత్వం జీవో ద్వారా అప్పగిస్తుంది. ఆ అప్పగింత ఒక్కోసారి మూడు నెలలకు మించకూడదు. మన ఉత్తర్వు తేదీ ఆ జీవో అమల్లో ఉన్న మూడు నెలల లోపల పడిందో లేదో చూడాలి. అయితే ఈ మూడు నెలలను నిర్బంధ కాలానికి గరిష్ఠ పరిమితిగా వాదించవద్దు. 2023 ఆగస్టు 16 తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. మూడు నెలల పరిమితి అధికారాన్ని అప్పగించడానికే తప్ప నిర్బంధానికి కాదు.

కాగితాలు, భాష, రిప్రజెంటేషన్

రాజ్యాంగం 22(5) అధికరణ రెండు హక్కులిస్తుంది: కారణాలు తెలుసుకోవడం, వీలైనంత త్వరగా విన్నపం చేసుకోవడం. మొదటిది సరిగా అందకపోతే రెండోది ఒట్టి మాటే. అధికారి ఆధారపడ్డ ప్రతి పత్రమూ నిర్బంధితుడికి అందాలి, అతనికి తెలిసిన భాషలో అందాలి. ఒరియా మాత్రమే వచ్చిన మనిషికి ఇంగ్లిష్‌లో గ్రౌండ్స్ ఇస్తే చెల్లదని 1960ల చివర్లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ తరచుగా జరిగేది వేరే. గ్రౌండ్స్‌కు తెలుగు అనువాదం ఇస్తారు, వెనక జతచేసిన బెయిల్ ఉత్తర్వులు, రిమాండ్ రిపోర్టులు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఉర్దూ మాత్రమే చదవగల పాతబస్తీ మనిషికి తెలుగు ప్రతి ఇచ్చినా చిక్కు అదే. పుటల సంఖ్య వేసి ఏ పుట ఏ భాషలో ఉందో, ఏది అలికిపోయి చదవరాకుండా ఉందో పట్టిక తయారు చేస్తే అఫిడవిట్ సగం పూర్తయినట్టే.

ఈ విన్నపమే రిప్రజెంటేషన్. అది రెండు చోట్లకు వెళ్లాలి. ప్రభుత్వానికి ఒకటి. ఆమోదం రాకముందు, ఆ 12 రోజుల్లో, ఉత్తర్వు ఇచ్చిన అధికారికి ఇంకొకటి. ఆ అధికారికీ విన్నపం చేసుకోవచ్చని నిర్బంధితుడికి చెప్పకపోతే ఉత్తర్వు చెల్లదని 2000లో మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు చెబుతోంది. గ్రౌండ్స్ చివరి పేరాలో ఈ సమాచారం ఉందో లేదో మొదట చూడాల్సింది అందుకే. రిప్రజెంటేషన్ జైలు ద్వారానే పంపి, జైలు ఇన్వర్డ్ నంబరు రాసుకోవాలి. తర్వాత కౌంటర్ అఫిడవిట్‌లో ప్రభుత్వం దాన్ని ఏ రోజు అందుకుంది, ఏ రోజు ఏ సెక్షన్‌కు పంపింది, ఏ రోజు తిరస్కరించింది అన్న లెక్క అడగాలి. మధ్యలో వివరణ లేని రోజులు ఎన్నుంటే అంత మేలు.

రిప్రజెంటేషన్‌ను ఎఫ్‌ఐఆర్‌లకు జవాబుగా రాయడం మామూలు తప్పు. నేరం చేయలేదని వాదించే చోటు అది కాదు. పైగా అక్కడ రాసిన మాట రేపు విచారణలో తిరిగి మన మీదకే రావచ్చు. పబ్లిక్ ఆర్డర్, తాజా లింకు, బెయిల్, అందని పత్రాలు, ఈ నాలుగింటికే పరిమితం కావాలి. మూడు పుటలు చాలు.

అడ్వైజరీ బోర్డు

హైకోర్టు న్యాయమూర్తులు, మాజీ న్యాయమూర్తులు లేదా ఆ అర్హత ఉన్నవారు ముగ్గురితో బోర్డు ఉంటుంది. న్యాయవాది హాజరు కావడానికి చట్టం ఒప్పుకోదు. అయితే ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధితుడు న్యాయవాది కాని ఒక స్నేహితుడి సాయం తీసుకోవచ్చని, ప్రభుత్వం తన తరఫున న్యాయ సలహాదారును కూర్చోబెడితే నిర్బంధితుడికీ అదే అవకాశం ఇవ్వాలని చెప్పింది. చదువుకున్న బంధువు ఎవరైనా ఉంటే ముందే ఈ అభ్యర్థన రాతపూర్వకంగా పెట్టాలి. నిరాకరిస్తే ఆ నిరాకరణ కూడా రాతలో దొరుకుతుంది.

బోర్డు దశను చాలామంది లాంఛనంగా వదిలేస్తారు. అలా వదలొద్దు. రాచకొండ కమిషనర్ ‘గూండా’ వర్గం కింద ఇచ్చిన ఒక ఉత్తర్వును 2024 మార్చి 21న రద్దు చేస్తూ ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం బోర్డుల పని తీరు గురించి ప్రత్యేకంగా రాసింది. బోర్డు ముద్ర వేసి పంపే సంస్థ కాదు, నిర్బంధం చట్టం దృష్టిలో సమర్థనీయమా అని తానే పరిశీలించి తేల్చాలి, సుప్రీంకోర్టు నిర్దేశించిన ప్రమాణాలకు తూచి చూడాలి అన్నది దాని సారం. ఈ తీర్పు ప్రతిని బోర్డు ముందు రిప్రజెంటేషన్‌తో జతచేసి పంపాలి. విడుదలకు అన్నింటికంటే దగ్గరి తలుపు అదే. హైకోర్టు తీర్పు కోసం నెలలు ఆగాల్సి రావచ్చు, బోర్డుకు మాత్రం ఏడు వారాల గడువుంది. తగిన కారణం లేదని బోర్డు చెబితే ప్రభుత్వం విడుదల చేసి తీరాలి.

ఉత్తర్వు నిలబడిన చోటు

ఒకవైపు తీర్పులే చదివితే అంచనా తప్పుతుంది. పైన చెప్పిన 2023 ఆగస్టు తీర్పులో సుప్రీంకోర్టు ఉత్తర్వును సమర్థించింది. అది కాకినాడ జిల్లా కలెక్టర్ ఒక నాటుసారా వ్యాపారి మీద ఇచ్చిన ఉత్తర్వు. తేడా ఎక్కడుంది? అక్కడ ప్రజల ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పన్నది ఊహగా కాక కాగితం మీద ఉంది. వరసగా ఎక్సైజ్ కేసులున్నాయి. తాగడానికి పనికిరాదని, ఆరోగ్యానికి హానికరమని తేల్చే పరీక్షా ఫలితం గ్రౌండ్స్‌కు బలమిచ్చింది. 2(ఎ) వివరణలో ప్రాణానికీ ప్రజారోగ్యానికీ ముప్పు అన్న భాగం సరిగ్గా ఇలాంటి చోటికే సరిపోతుంది. సారా కేసు చేపట్టినప్పుడు కెమికల్ ఎగ్జామినర్ నివేదిక ఉందా, అది ఏ శాంపిల్‌కు చెందింది, నివేదిక ఉత్తర్వు కంటే ముందు వచ్చిందా అన్నదాని మీదే పోరాటం సాగాలి. మోసం కేసుల తీర్పులు అక్కడ అంతగా పనికిరావు.

450 మంది సంగతి

2022 తీర్పులో మరో భాగం ఎక్కువ చర్చకు రాలేదు, కానీ బరువైనది. ఈ చట్టం కింద గత ఐదేళ్లలో ఐదుకు పైగా ఉత్తర్వులను తామే రద్దు చేశామని, ఒక్క ఏడాదిలోనే తెలంగాణ హైకోర్టు కనీసం పది రద్దు చేసిందని సుప్రీంకోర్టు లెక్క చెప్పి, పెండింగ్‌లో ఉన్న కేసులను న్యాయ ప్రమాణాలతో మళ్లీ సరిచూసుకోమని అధికారులను ఆదేశించింది.

ఆ రద్దుల వెనక ఫిర్యాదుదారులున్నారు. హక్కుల పక్షాన మాట్లాడేవాళ్లం వారిని మరిచిపోకూడదు. నిర్బంధ ఉత్తర్వు వల్ల వాళ్లలో ఒక్కరికీ ఒక్క రూపాయి వెనక్కి రాదు. నిర్బంధ ఫైలు కోసం దర్యాప్తు అధికారి వెచ్చించిన వారాలు చార్జిషీట్ మీద పెడితే కేసు ముందుకు కదిలేది. గడువులోగా చార్జిషీట్ వేయకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది. బ్యాంకు ఖాతాలు వెంటనే స్తంభింపజేయడం, బెయిల్ షరతులు ఉల్లంఘిస్తే రద్దుకు అడగడం ఎప్పటి నుంచో ఉన్న దారులు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో నేరం ద్వారా వచ్చిన ఆస్తిని జప్తు చేసి బాధితులకు పంచే వీలు 107వ సెక్షన్‌లో ఉంది. ఫిర్యాదుదారుల తరఫున వచ్చే న్యాయవాదులు పీడీ పెట్టమని అడగడం మానేసి, 107 కింద దరఖాస్తు వేయమని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా అడగాలి. బాధితుల జాబితా, చెల్లించిన తేదీలు, యూపీఐ లేదా బ్యాంకు లావాదేవీ నంబర్లు వరస క్రమంలో పట్టికగా ఇస్తే పని త్వరపడుతుంది.

విడుదల రోజు

ఉత్తర్వు రద్దయితే క్రిమినల్ కేసులు రద్దయినట్టు కాదు. రెండు ఎఫ్‌ఐఆర్‌ల విచారణ మామూలుగా నడుస్తుంది, నిందితుడు బెయిల్ షరతుల్లోనే ఉంటాడు. కొత్త వాస్తవాలేవైనా వస్తే మళ్లీ నిర్బంధ ఉత్తర్వు ఇవ్వడానికి 14వ సెక్షన్ దారి వదిలింది. కాబట్టి షరతుల ప్రకారం స్టేషన్‌లో సంతకం పెట్టిన ప్రతిసారీ రిజిస్టర్ ఫోటో తీసుకోమని కుటుంబానికి చెప్పాలి.

తీర్పు వెలువడిన సాయంత్రమే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. జైలుకు ఉత్తర్వు చేరేలోపు వేరే స్టేషన్ నుంచి పీటీ వారంట్ (జైల్లో ఉన్నవారిని మరో కేసులో కోర్టు ముందు హాజరుపరచడానికి ఇచ్చే వారంట్) వచ్చి ఉందేమో సూపరింటెండెంట్ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. ఉంటే పీడీ నుంచి విడుదలైన మనిషి జైలు దాటకుండానే మరో రిమాండ్‌లోకి వెళ్తాడు. ఆ కేసులో బెయిల్ పిటిషన్ ఆ రోజుకే సిద్ధంగా ఉండాలి.